ఫిట్ అని రాసిన చేయి

ఎముక అతికితే మనిషి బాగుపడినట్టేనని నేను చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం మీదే జీతం తీసుకున్నాను. ఆ నమ్మకంతోనే నా సొంత బావమరిదికి అన్యాయం చేశాను. అప్పుడు దాన్ని అన్యాయం అనుకోలేదు, పద్ధతి అనుకున్నాను. విశాఖపట్నంలో గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం చుట్టూ ఉన్న కాంట్రాక్టు ఆఫీసుల్లో నాలాంటి గుమాస్తాలు ఇప్పటికీ అదే పద్ధతిలో అవే కాగితాలు టైపు చేస్తున్నారు. అందుకే నా తెలివితక్కువతనాన్ని నాలో దాచుకోకుండా చెప్పాలనిపించింది.

నేను ఒక కాంట్రాక్టరు దగ్గర టైమ్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. హాజరు, జీతాల బిల్లు, పీఎఫ్ చలాన్లు, గేట్ పాసులు అన్నీ నేనే చూసేవాణ్ణి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ ఫైలూ నా బల్ల మీదికే వచ్చేది. మా మనుషులు ఒక పెద్ద కర్మాగారంలో యంత్రాలు ఆపి చేసే షట్‌డౌన్ పనులకు వెళ్లేవారు. స్కఫోల్డింగ్ కట్టడం, పాత ప్లేట్లు విప్పడం, బరువులు ఎత్తి దించడం వాళ్ల పని. మా బావమరిదిని అక్కడ పెట్టించింది నేనే. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వచ్చి ఖలాసీగా చేరాడు. కొన్నేళ్లకు మేస్త్రీ అయ్యాడు. వైర్ రోప్ ఎక్కడ పట్టాలో, చైన్ బ్లాక్ ఎంతవరకు లాగాలో, పైపు మీద అడుగు ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పక్కర్లేకుండా అతని ఒంటికే తెలుసు.

2021లో ఒక షట్‌డౌన్ పనిలో కాలికింద పలక జారి పడ్డాడు. తల మీద పడలేదు, నడుం మీద పడలేదు, కాళ్ల మీదే పడ్డాడు. ప్రాణం దక్కింది, సింహాద్రి అప్పన్న కాపాడాడు అనుకున్నాం ఇంటిల్లిపాదీ. కుడి మడమ ఎముక మాత్రం నలిగిపోయింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. నెలలు గడిచాయి. ఒకరోజు ఎక్స్‌రే చూసి డాక్టరు ఎముక అతుక్కుందన్నారు. ఆ మాట విన్న మరునాడే నేను ఆఫీసుకు వెళ్లి, 'ఇక ఆ ఫైలు మూసేయొచ్చు సార్' అన్నాను. ఎవరూ నన్ను అడగకముందే అన్నాను.

మడమ ఎముకకీ దాని పైనున్న ఎముకకీ మధ్య ఒక కీలు ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. ఎగుడుదిగుడు నేల మీద పాదం అటూ ఇటూ వాలి సర్దుకునేది ఆ కీలు వల్లే. ఎముక నలిగినప్పుడు ఆ కీలు చెదిరితే, ఎముక చక్కగా అతికాక కూడా అది బిగుసుకుపోతుంది, రానురాను అరుగుతుంది. అలాంటి మనిషి ఆసుపత్రి వరండాలో నడిచి చూపిస్తాడు. కంకర మీద, ఇసుక మీద, నిచ్చెన మెట్టు మీద, గుండ్రటి పైపు మీద నిలవలేడు. ఖలాసీ పనంతా ఆ నాలుగింటి మీదే కదా! ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. అది ఏ పనికి పనికొస్తుందో ఎక్స్‌రే చెప్పదు. "ఎముక అతుక్కుంది బావా, అడుగే అతుక్కోట్లేదు," అన్నాడు మా వాడు. నొప్పి కొద్దీ అంటున్నాడులే అనుకున్నాను.

ఆ రోజుల్లో నా చేతి మీదుగా రెండు కాగితాలు వెళ్లాయి. మొదటిది బీమా కంపెనీకి. కాంట్రాక్టర్లు మా వైపు డబ్ల్యూసీ పాలసీ అని ఒకటి తీసుకుంటారు, పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఆ కంపెనీ ఇస్తుంది. వాళ్లకు నేను టైపు చేసిన ఉత్తరంలో ఉన్నది ఇదీ: కార్మికుడు కోలుకున్నాడు, ఫిట్, పనిలోకి తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. రెండో కాగితం గేట్ పాసుది. ఎత్తు మీద పనిచేసేవాళ్లకు విడిగా హైట్ పాస్ ఉండాలి. దానికి నిచ్చెన ఎక్కించి, బెల్టు కట్టి, సన్నటి దూలం మీద నడిపించి చూస్తారు. మా వాడు సగం దూరం కూడా నడవలేకపోయాడు. పాస్ ఇవ్వలేదు. అలా పాస్ రాని పేర్ల జాబితా టైపు చేసి పంపిందీ నేనే.

ఒకే మనిషి ఒక కాగితంలో పనికి తగినవాడు, ఇంకో కాగితంలో తగనివాడు. పరిహారం ఇవ్వాల్సి వచ్చిన చోట బాగున్నాడు, పని ఇవ్వాల్సి వచ్చిన చోట బాగాలేడు. రెండిటి మీదా నా చిన్న సంతకం ఉంది. రెండూ నిజమే కదా అనుకున్నాను. ఒకటి డాక్టరు చెప్పింది, ఒకటి సేఫ్టీవాళ్లు చెప్పింది, మధ్యలో నాదేముంది అనుకున్నాను. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. అవి వేరువేరు ఫైళ్లు. నా బుద్ధి కూడా ఆ ఫైళ్లలాగే విడివిడిగా ఉండేది.

మరో తప్పు నోటితో చేశాను. కొంచెం నడక వచ్చాక మా వాడు మొక్కు తీర్చుకోవడానికి సింహాచలం వెళ్లాడు. మేమూ వెళ్లాం. కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. చూసి మనసు నిండింది. సోమవారం ఆఫీసులో మాటల మధ్య, 'మావాడు కొండెక్కి మొక్కు తీర్చుకొచ్చాడండీ, బాగానే తిరుగుతున్నాడు' అన్నాను. సంతోషంతో అన్న మాటే. అది అక్కణ్ణుంచి బీమా లాయరు చెవికి చేరింది. తరవాత నడిచిన పరిహారం కేసులో వాళ్లు వేసిన కౌంటరులో 'దరఖాస్తుదారు కొండ ఎక్కగలుగుతున్నాడు' అనే వాక్యం కనిపించింది. అతను ఎక్కింది దేవస్థానం బస్సు. దిగాక ఉన్న కొద్దిపాటి మెట్లకు ఒక చేత్తో రెయిలింగు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకున్నాడు. ఇంటికొచ్చాక మడమ వాచి రెండు రోజులు మంచం దిగలేదు. ఆ సంగతి ఆఫీసులో చెప్పాలని నాకు తోచలేదు.

దెబ్బ తగిలినవాడు ఒకపూట ఏదైనా చేసి చూపిస్తే, రోజూ చేయగలడని మనం తీర్మానించేస్తాం. పని అంటే ఎనిమిది గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు. ఎండలో, వానలో, రాత్రి షిఫ్టులో, పైనుంచి ఇంకొకడు వేగం చేయమని కేకలేస్తుండగా చేయాలి. ఒకసారి చేసినందుకు మర్నాడు ఒళ్లు ఎంత వసూలు చేస్తుందో పక్కవాడికి కనిపించదు. నేను పక్కవాణ్ణి కూడా కాదు, ఇంట్లోవాణ్ణి. చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు.

అతను కూడా ఒక మాట అన్నాడు, దాన్ని నేను ఆధారంగా వాడుకున్నాను. "పాస్ ఇప్పించు బావా, సేసేస్తాను. నొప్పి నేను సూసుకుంటాను." ఇద్దరు పిల్లలున్నవాడు, ఇంటద్దె కట్టాల్సినవాడు ఇంకేమంటాడు? గేట్ పాస్ పోతుందన్న భయంతో కార్మికుడే తాను ఫిట్ అంటాడు. పరిహారం దగ్గరికొచ్చేసరికి ఆ మాటే అతని మీదికి తిరుగుతుంది. ఆకలి పలికించిన మాటను నేను ఆరోగ్యం పలికించిన మాటగా రాసుకున్నాను.

ఇంకా చెప్పాల్సింది ఉంది. కొంత సొమ్ము చేతికిచ్చి, 'పూర్తి పరిహారం ముట్టింది, ఇకమీదట నాకు ఎలాంటి క్లెయిమూ లేదు' అని ఒక కాగితం రాయించాం. టైపు చేసింది నేను. అతను చదవకుండా సంతకం పెట్టాడు, బావ ఇచ్చిన కాగితం కదా అని. మా ఆవిడ ఆ రాత్రి ఒక్కటే అడిగింది: "మీరు ఎవరి తరఫునండీ?" ఎవరి తరఫునా కాదు, రూలు ప్రకారం చేశాను అన్నాను. ఆ రూలు నేను చదవనే లేదు. 1923 నాటి పరిహార చట్టంలో 17వ సెక్షను, హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని చెప్పింది. రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలని 28వ సెక్షను చెప్పింది. నేను అంత నమ్మకంగా రాయించిన కాగితానికి చట్టం ముందు విలువే లేదు. కాని అది చెల్లదని తెలియని మనిషిని లేబర్ ఆఫీసు గడప తొక్కకుండా ఆపడానికి మాత్రం అది బాగా పనికొచ్చింది.

లెక్క కూడా నాకు ఆలస్యంగానే అర్థమైంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. పనిలో గాయపడి మంచాన ఉన్నన్నాళ్లూ జీతంలో 90 శాతం వస్తుంది. శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు తేల్చినదాన్ని బట్టి నెలనెలా సొమ్ము వస్తుంది. మేస్త్రీ అయ్యాక మా వాడి జీతం ఆ గీత దాటింది. ఈఎస్‌ఐ పోయి, పరిహార చట్టం మిగిలింది. ఆ చట్టంలో 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకున్న జీతం గరిష్ఠంగా 15,000. అంటే ఎక్కువ సంపాదించాడని ఒక చోట బయటికి పంపి, ఇంకో చోట తక్కువ సంపాదించినట్టు లెక్కకడతారు.

ఆ 15,000లో 60 శాతం 9,000. నలభై ఏళ్ల మనిషికి పట్టికలో ఉన్న గుణకం 184.17. రెండూ హెచ్చిస్తే 16,57,530 రూపాయలు. మనిషి ఇక ఏ పనీ చేయలేడంటే ఆ మొత్తం వస్తుంది. సంపాదన శక్తిలో పదో వంతే పోయిందంటే 1,65,753. అరవై శాతం పోయిందంటే 9,94,518. ఒక్కో శాతం విలువ పదహారు వేల రూపాయల పైమాట. చేయి తెగితే ఎంత, వేలు తెగితే ఎంత అన్నది చట్టం పట్టికలోనే ఉంది. మడమ కీలు బిగుసుకుపోవడం ఆ పట్టికలో లేదు. అలాంటి గాయానికి సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు అంచనా వేయాలి. అందుకే తగవంతా అక్కడే జరుగుతుంది. బీమావాళ్ల డాక్టరు ఒక అంకె, మన డాక్టరు ఒక అంకె రాస్తారు. మధ్యలో సదరం సర్టిఫికెట్ ఒకటి. 40 శాతం లేదా ఆపైన ఉంటే పింఛనుకు పనికొచ్చే ఆ సర్టిఫికెట్ శరీరంలో లోపం ఎంతో చెబుతుంది. సంపాదన ఎంత పోయిందో చెప్పదు. ఆ తేడా తెలియక, సదరంలో ఎంత వస్తే పరిహారంలోనూ అంతేనని మా వాడికి నేనే చెప్పాను.

చివరికి అతను నా మాట వినడం మానేసి ఒక లాయరు దగ్గరికి వెళ్లాడు. ఆ లాయరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పాత తీర్పు గురించి చెప్పారు. ఘాట్ ఎక్కి కొరాపుట్ దాటితే జయపురం. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అదంతా మన విశాఖపట్నం జిల్లానే. అక్కడ ఒక సినిమా హాల్లో నగిషీ పని చేస్తున్న వడ్రంగి 1968లో కింద పడ్డాడు. ఎడమ చేయి మోచేతి దగ్గర తీసేశారు. పట్టికలో దానికి 70 శాతమే ఉందని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1975 డిసెంబరులో ఆ వాదన తోసిపుచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు, కాబట్టి ఆ మనిషి పూర్తిగా పని శక్తి పోగొట్టుకున్నట్టే అని తేల్చింది. పరిహారం గాయమైన నాడే బాకీ పడుతుందని కూడా చెప్పింది. తరవాత 2010లో ఒక రోడ్డు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా విడమర్చింది. ఎడమ చేయి పోయిన గుమాస్తాకు ఉద్యోగం మిగలొచ్చు, అదే చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో దాదాపు అంతా పోతుంది, కాబట్టి ముందు అతను ఏ పని చేసేవాడో చూడండి అంది.

ఆ గదిలో కూర్చుని వింటుంటే నాకు ముఖం చెల్లలేదు. నేను గుమాస్తాను. నా మడమ నలిగితే మూడు నెలల్లో కుర్చీలోకి వచ్చేవాణ్ణి. నా కుర్చీలోంచి అతని నిచ్చెనను కొలిచాను. పని శక్తి ఒక్క శరీరంలో ఉండదు, శరీరానికీ పనికీ మధ్య ఉంటుంది. జయపురం వడ్రంగి కేసు తేలేనాటికి నేను పుట్టి ఉన్నాను, ఆ తరవాత చదువుకున్నాను, ఈ పనిలోనే జుట్టు నెరిపించుకున్నాను. అయినా ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఉందని కూడా తెలియదు.

ఈ ఊరికి ప్రమాదాలు కొత్తకాదు. 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారంలో జరిగిన పేలుడులో 19 మంది పోయారు. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది పోయారు. ఆ తేదీలు మనకు గుర్తున్నాయి, ఉండాలి కూడా. కాని మడమ నలిగినవాడికి, భుజం పైకి లేవనివాడికి, వేళ్లు ముడవనివాడికి తేదీ ఉండదు. పేపర్లో 'గాయపడ్డారు' అన్న ఒక్క మాటతో వాళ్ల కథ అయిపోతుంది. ఇంట్లో మాత్రం అప్పుడే మొదలవుతుంది.

ప్రభుత్వ సంస్థలో పర్మనెంటు ఉద్యోగికి ఒక రక్షణ ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పనికి మార్చాలని, ఖాళీ లేకపోతే అదనపు పోస్టులోనైనా ఉంచాలని 1995 నాటి వికలాంగుల చట్టం చెప్పింది, 2016 నాటి చట్టం మళ్లీ చెప్పింది. కాంట్రాక్టు కార్మికుడికి ఆ గొడుగు అందదు. అతని ఉద్యోగం ఒక గేట్ పాసు. పక్కపక్కనే పనిచేసిన ఇద్దరిలో ఒకరు స్టోర్సులో కూర్చుంటారు, ఇంకొకరు పని కోసం కూర్మన్నపాలెం జంక్షన్లో నిలబడతారు. మా వాడికీ లైట్ డ్యూటీ ఇస్తామన్నారు. రాత్రి కాపలా. పన్నెండు గంటలు నిలబడే పని. మడమ నలిగినవాడికి అది తేలిక పని అని కాగితం మీద రాసిందీ నేనే.

బ్రిటన్‌లో 2010 నుంచి డాక్టరు ఇచ్చే కాగితంలో రెండు గడులున్నాయి. పనికి తగడు అన్నది ఒకటి, కొన్ని మార్పులు చేస్తే తగవచ్చు అన్నది రెండోది. ఆ రెండో గడి కింద గంటలు తగ్గించడం, పని మార్చడం, మెల్లమెల్లగా పూర్తి పనిలోకి రావడం లాంటి మార్పులు రాసే వీలుంది. అక్కడా తగవులు లేకపోలేదు. అయినా తగవు మొదలవడానికి ముందే పని ఏమిటన్న ప్రశ్న కాగితంలో ఉంటుంది. నేను చూసిన సర్టిఫికెట్లలో పని ఊసే ఉండేది కాదు. ఫిట్ అని ఉండేది. డాక్టరు ముందు కూర్చున్నది పైపుల మీద నడిచే మనిషని ఆయనకు చెప్పాల్సింది ఎవరు? నేనే. రిఫరెన్సు ఉత్తరంలో 'వర్కర్' అని టైపు చేసి ఊరుకున్నాను.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకా మిగిలింది. ఇదంతా అర్థమయ్యాక కూడా నేను వెంటనే నోరు విప్పలేదు. కేసు విచారణకు లేబర్ ఆఫీసుకొచ్చి హైట్ పాస్ సంగతి చెప్పమని మా వాడు అడిగాడు. వస్తానన్నాను. వాయిదా తరవాత వాయిదా పడుతుంటే ఏదో సాకు చెప్పాను. నా ఉద్యోగం పోతుందని భయం. ఆ భయం అతనికి రెండేళ్ల ముందే వచ్చిందని, దానికి నేను సాక్షినని తెలిసి కూడా నా భయమే పెద్దదనుకున్నాను. ఆ మధ్యలో అతని భార్య, మా చెల్లెమ్మ మెడలో గొలుసు బ్యాంకులో తాకట్టుకు వెళ్లింది.

చివరికి వెళ్లాను. హైట్ పాస్ జాబితా నకలు తీసుకుని వెళ్లి, ప్రమాణం చేసి చెప్పాను. కొండ సంగతీ చెప్పాను, బస్సు సంగతీ చెప్పాను. "మీ బావమరిదే కదా, అందుకే చెబుతున్నారు," అన్నారు అవతలి లాయరు. "బావమరిది కాబట్టే ఇన్నాళ్లు చెప్పలేదండీ," అన్నాను. అది నిజం. బంధువునని నమ్మరేమో అన్న వంకతో దాక్కున్నాను. తరవాత అతన్ని మళ్లీ పరీక్షకు పంపారు. ఈసారి డాక్టరుకు పని వివరం రాతపూర్వకంగా వెళ్లింది. ఎత్తు మీద, ఎగుడుదిగుడు నేల మీద పనికి పనికిరాడని ఆయన స్పష్టంగా రాశారు. మొదట చేతికిచ్చిన సొమ్ముకు ఎన్నో రెట్లు పరిహారం, ఆలస్యానికి 12 శాతం వడ్డీ తేలింది. నా ఉద్యోగం పోయింది. అతని పని తిరిగి రాలేదు. పెదగంట్యాడ దగ్గర ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో కూర్చుని కొలతలు గీస్తున్నాడు. సంపాదన పాతదానిలో సగం. నాతో మాట్లాడతాడు. కాగితాల సంగతి మాత్రం నా దగ్గర ఎత్తడు. అది అతని పెద్దమనసు, నేను దాన్ని క్షమాపణగా లెక్కేసుకోను.

2025 నవంబరులో కొత్త సాంఘిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. 1923 చట్టం అందులో కలిసిపోయింది. చట్టం పేరు మారినా గాయాల పట్టిక ఉంది, పట్టికలో లేని గాయానికి డాక్టరు అంచనా ఉంది, కాబట్టి ఈ తగవూ ఉంటుంది. అందుకని టైమ్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట. దెబ్బ తగిలిన మనిషిని డాక్టరు దగ్గరికి పంపేటప్పుడు అతను రోజంతా ఏం చేస్తాడో ఉత్తరంలో రాయండి: ఎంత ఎత్తు ఎక్కుతాడు, ఎంత బరువు మోస్తాడు, ఎన్ని గంటలు నిలబడతాడు. ఫిట్ అని వస్తే ఏ పనికని అడిగి రాయించుకోండి. క్లెయిము లేదని రాయించే కాగితం మీచేత టైపు చేయించబోతే అది చెల్లదని చెప్పండి. హైట్ పాస్ రాలేదన్న కాగితాన్ని పరిహారం ఫైల్లో పెట్టండి. ఆ రెండు ఫైళ్లూ మీ బల్ల మీదే ఉంటాయి. వాటిని కలపగలిగేది మీరే. మీరు కలపకపోతే ఆ మనిషి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి, అదీ నలిగిన మడమతో.